ఆ గోడకి సున్నం వేయొద్దండి

అందరికీ నమస్కారమండి. ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ముందు వరసలో కూర్చున్న బాబాయి గారికి, నా తోటి అక్కచెల్లెళ్ళకి, వెనక నిలబడ్డ తమ్ముళ్ళకి పేరుపేరునా చెప్పాలి, కానీ నాకిచ్చింది ఐదు నిమిషాలు కాబట్టి విషయంలోకి వచ్చేస్తాను.

వచ్చే ఆదివారం మంత్రిగారు మన కాలనీకి వస్తున్నారు, ఆడవాళ్ళ తరఫున స్వాగతం ఏర్పాట్ల గురించి మాట్లాడమన్నారు. హారతి పళ్ళెం, శాలువా, మజ్జిగ, అవన్నీ మేం చూసుకుంటాం. వాటి గురించి టెన్షన్ పడొద్దు. నేను లేచింది మాత్రం ఒక్క మాట కోసం. కమిటీ రాసుకున్న పనుల లిస్టులో మూడో నంబర్ ఏముంది? మెయిన్ రోడ్డు వైపు గోడలన్నిటికీ సున్నం. అందులో మా టైలరింగ్ షాపు గోడ కూడా ఉంది. దయచేసి ఆ గోడకి సున్నం వేయొద్దండి.

ఆ గోడ మీరంతా చూసిందే, రోజూ దాని పక్క నుంచే పాల ప్యాకెట్లకి వెళ్తారు. నా భుజం కంటే జానెడు పైన వరద నీళ్ళు వదిలిన గీత ఒకటి ఉంటుంది, బురద రంగులో. దాని కింద ఇంకో నాలుగు సన్నగీతలు, నీళ్ళు ఏ రోజు ఎంత తీశాయో ఒక్కొక్కటీ చెబుతుంది. గీతకి పైన పాత పిస్తా రంగు అలాగే ఉంది, కింద ప్లాస్టరు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఇటుక కనిపిస్తోంది. మనకి జరిగింది జరిగినట్టు చూపించడానికి మిగిలింది అదొక్కటే. మిగతా ఇళ్ళన్నీ కడిగేసుకున్నాం, రంగులు వేసేసుకున్నాం. వేసుకోవాలి కూడా, పెళ్ళిళ్ళు ఉంటాయి, పిల్లలుంటారు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మన విజయవాడని ముంచిన రోజు. శ్రావణ మాసం చివర. ముహూర్తాల పని ఇంకా మిగిలే ఉంది, పదిహేడు జాకెట్లు నా దగ్గర ఉన్నాయి, అందులో ఆరు మగ్గం వర్కువి. ముందు రోజంతా కురిసిన వాన మామూలుగా లేదు. పొద్దున్న ముందు కాలవ పొంగిందన్నారు, చూస్తుండగానే గుమ్మం దాటింది, తర్వాత మెషిను కాళ్ళు మునిగాయి. మా ఆయనా నేనూ ఓవర్‌లాక్ మెషినొక్కటీ మేడ మీదకి మోయగలిగాం. కుట్టు మెషిన్లు రెండూ మునిగిపోయాయి. ఎనిమిది రోజుల తర్వాత తలుపు తోస్తే, ఎర్ర దారం రంగంతా తెల్ల లైనింగు గుడ్డల్లోకి దిగి ఉంది, మగ్గం పూసల్లో బురద గట్టిపడి ఉంది. ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చి ఆ జాకెట్టు చేతిలోకి తీసుకుని నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజుల్లో మంత్రులు రాలేదని నేను అనను. వచ్చారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు కలెక్టరేట్‌లోనే మకాం పెట్టి సింగ్ నగర్ నీళ్ళల్లో తిరిగారు, టీవీలో కాదు, మా మేడ మీద నుంచి జనం చూశారు. జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు గారు బుడమేరు గండ్ల దగ్గరే రాత్రింబవళ్ళు ఉన్నారు, సైన్యం కూడా వచ్చాక మూడో గండి వినాయక చవితి నాడు, 7వ తారీఖున పూడింది. కేంద్రం నుంచి శివరాజ్ సింగ్ చౌహాన్ గారు వచ్చి చూసి వెళ్ళారు. కాదన్నవాళ్ళెవరూ లేరు. మనిషి వచ్చి గట్టు మీద నిలబడితే పని ఎలా జరుగుతుందో అప్పుడు చూశాం. నేను అడిగేది కూడా అదే, వచ్చినవాళ్ళకి చూడాల్సింది చూపిద్దాం అని.

ఎందుకంటే ఇంకో రకం రాక కూడా మనకి తెలుసు. వరదకి ముందు, చాలా ఏళ్ళ క్రితం, అప్పటి మంత్రిగారొకరు ఇక్కడికొచ్చారు, ఎవరో ఇప్పుడెందుకు. ముందు రోజు రాత్రి రెండింటికి ట్రాక్టర్లలో మట్టి తెచ్చి గుంతలు పూడ్చారు. తెల్లారేసరికి రోడ్డుకి రెండు వైపులా బ్లీచింగ్ గీతలు, ముగ్గేసినట్టు. ఏ ఇంటి ముందు ఆగాలో ముందే అనుకున్నారు, ఆ ఇంటి ముందు తాటాకు పందిరి కూడా వేశారు. మా సందులో మామ్మగారు ఒకావిడ, ఇప్పుడు లేరు, కుళాయి నీళ్ళు గాజు సీసాలో పట్టుకుని పొద్దున్న ఏడింటి నుంచి నిలబడ్డారు. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కారు వచ్చింది, దండ పడింది, ఫొటో తీశారు, మామ్మగారిని ఒక కుర్రాడు మోచేత్తో పక్కకి జరిపాడు, ఆ సీసా అలాగే చేతిలో ఉండిపోయింది. వారం తర్వాత వాన పడి ఆ మట్టంతా మురుక్కాలవలోకే పోయింది, మోకాలి లోతు నీళ్ళు మన ఇళ్ళ ముందే నిలబడ్డాయి. ఆ సీసా నేను మర్చిపోలేను. మీలో చాలామంది ఆ రోజు ఇక్కడే ఉన్నారు, చెప్పండి, మర్చిపోయారా?

పోనీ అర్జీ ఇద్దాం అంటారు. ఇద్దాం, తప్పకుండా ఇద్దాం. ప్రజల వద్దకు పాలన అన్నారు, 1997లో జన్మభూమి అన్నారు, వైఎస్ రాజశేఖరరెడ్డి గారు 2009 సెప్టెంబర్ 2న రచ్చబండకి బయల్దేరి దారిలోనే పోయారు, జగన్ గారి హయాంలో గడప గడపకు అన్నారు, ఇప్పుడు సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటున్నారు. అన్నిటికీ నేను కాగితాలు రాశాను. కాగితం మీద పైన 'తగు చర్య నిమిత్తం' అని రాస్తారు, అది ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్తుంది.

నా సంగతే చెబుతాను. వరద సాయం కింద గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు. మా షాపు కింద, కాపురం పైన. లెక్క రాయడానికి వచ్చినతను మేడ మీద వంటిల్లు చూసి 'పై అంతస్తు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. కింద బురదలో ఉన్న మెషిన్లు వంగి చూడలేదు. రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. మూడోసారి, పాతికేళ్ళు కూడా ఉండవు, ఒక అమ్మాయి ఆఫీసరు 'పదండి ఆంటీ, చూద్దాం' అని బండెక్కించుకుని వచ్చింది. బాబిన్ కేసు ఊడదీసి చూపించాను, లోపల ఒండ్రు. ఆ గోడ మీద గీత దగ్గర నన్ను నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసింది. నా పేరు ఎక్కింది, డబ్బులు పడ్డాయి. రెండు అర్జీలతో కానిది ఆ గీతతో అయ్యిందండి.

అందుకే అడుగుతున్నాను. ఇప్పుడు ఎండాకాలం, బుడమేరు పిల్లకాలవలా ఉంది. మంత్రిగారు ఈ రోజుల్లో వస్తే మన కాలనీ చాలా బాగుందనుకుని వెళ్తారు, అందులో ఆయన తప్పేం లేదు. మైలవరం కొండల్లో వాన పడితే ఆ నీరు వెలగలేరు దగ్గరకి ఎంత వేగంగా వస్తుందో, ఆ నీటిని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలవ నిండి అటు కృష్ణ కూడా నిండుగా ఉంటే ఎక్కడికీ పోలేక మన మీదకే ఎలా తిరుగుతుందో ఆయనకి ఫైళ్ళలో తెలిసే ఉంటుంది. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు పోయాయి, ఆ అంకె కూడా తెలిసే ఉంటుంది. అది మన ఇంట్లో ఎంత ఎత్తు వచ్చిందో మాత్రం గోడే చెప్పాలి. కాలవ వెడల్పు పని ఎక్కడిదాకా వచ్చింది, గట్లు ఈ వానాకాలానికి ఆగుతాయా, అది మనం నోటితో అడగాలి. మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి, కాలవలో కవర్లు వేసేది మనమే, ఆదివారం లోపల మన సందు వరకు అది మనమే తీయాలి. తమ్ముళ్ళూ, శనివారం పొద్దున్న ఆరింటికి పారలతో రండి.

ప్రెసిడెంట్ గారూ, టైమ్ అయిపోయిందని చూస్తున్నారు, అర్థమైంది. స్టేజీ సెంటర్లో వేద్దామన్నారు కదా, అలాగే వేయండి. కారు దిగి స్టేజీ దాకా నడిచేది మా షాపు ముందు నుంచే. ఆ నాలుగు అడుగుల మేర పందిరి గుడ్డ కట్టొద్దు, ఫ్లెక్సీ పెట్టొద్దు. మునిగిన మెషిన్లలో ఒకటి ఇప్పటికీ తిరగడం లేదు, దాన్ని గోడ పక్కనే పెడతాను. మన కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఇవ్వండి, మంత్రిగారు ఒక్క నిమిషం కూర్చోవడానికి. కూర్చుంటే ఆ గీత ఆయన తలకంటే ఎంత పైకి వస్తుందో ఆయనే చూసుకుంటారు.