మడ అడవికి ముందు నీళ్లు కావాలి

(కాకినాడ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక ఫ్లెక్సీ మీద ‘అడవుల నరికివేత, పర్యావరణం’ అని వేయించారు. అమెజాన్ గురించి చెబుతాననుకున్నారేమో. అంత దూరం వెళ్లను. యానాం రోడ్డెక్కితే కాసేపట్లో చొల్లంగి, ఆ తర్వాత కోరంగి, సముద్రపు పోటు ఎక్కే బురదలో పెరిగే మడ అడవి. ఈ పూట అక్కడికి వెళ్లొస్తే చాలు.

కోరంగిలో చెక్క వంతెన మీద నడిచినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, దాదాపు అందరూ. సెల్ఫీలూ దిగే ఉంటారు. సరే, వంతెన కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి ఏమిటో గమనించారా? అవి మడచెట్టు ఊపిరి వేర్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు తనే పైకొచ్చి గాలి పీలుస్తుంది. తెల్లమడ ఆకు ఒకటి తెంపి నాలుకకి ఆనించండి, ఉప్పగా ఉంటుంది. ఆ చెట్టు తన ఒంట్లోకి వచ్చిన ఉప్పుని ఆకులోంచి బయటికి నెట్టేస్తుంది. ఉప్పుపొన్న అనే ఇంకో మడచెట్టు అయితే ఇంకో అడుగు ముందుకేసింది. కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా వేలాడి, తర్వాత బురదలోకి జారుతుంది.

ఇంత తెలివైన చెట్టుని నేను ఒకసారి చేజేతులా చంపాను. దాని గురించి చెప్పడానికే వచ్చాను.

లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్ని వెంటేసుకుని మడ మొక్కలు నాటించాను. చెట్టన్నది లేకుండా తెల్లగా ఉప్పు పేరుకున్న జాగా ఒకటి చూసుకుని, ఖాళీగానే ఉంది కదా అని వరసలు కట్టి నాటాం. ఫొటోలు తీయించుకున్నాం. ఏడాది తిరిగాక వెళ్తే ఒక్క మొక్క లేదు. మమ్మల్ని తీసుకెళ్లిన పడవాయన నవ్వాడు. “మొక్కదేం తప్పండీ మాస్టారూ? ఇక్కడికి పోటెక్కితే కదండీ బతకడానికి” అన్నాడు. నేను ఎమ్మెస్సీ బోటనీ. ఆయన బడి మొహం చూడలేదు.

ఆయన చెప్పింది తర్వాత చదువుకుని అర్థం చేసుకున్నాను. పూర్వం మడ అడవిని వంటచెరకు కోసం ముక్కలు ముక్కలుగా పంచి, ఒక్కో ముక్కని మొత్తం నరికేసేవారు. కొన్నేళ్లకి అదే పెరుగుతుందిలే అన్నది లెక్క. నీడ పోయాక ఎండ నేరుగా బురద మీద పడింది. నేల ఆరి, కుంగి, మధ్యలో పళ్లెంలా లోతయింది. పున్నమికీ అమావాస్యకీ వచ్చే పెద్ద పోటుకి నీళ్లు ఎక్కుతాయి గానీ, ఆ పళ్లెంలోంచి వెనక్కి తీయవు. అక్కడే ఎండకి ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. ప్రతి పోటుకీ ఇంకాస్త ఉప్పు. ఉప్పునీళ్లలో పుట్టిన చెట్టుకి కూడా ఒక హద్దుంటుంది కదా. నేను పిల్లలతో నాటించింది అలాంటి పళ్లెంలోనే.

దీనికి మందు కనిపెట్టినవాళ్లున్నారు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ, ఊళ్లలోని వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో కాలవలు తవ్వారు. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలవలు. పైనుంచి చూస్తే చేపముల్లు పరిచినట్టుంటుంది. పోటుకి నీళ్లు లోపలికి వచ్చి, పాటుకి బయటికి పోయి, పేరుకున్న ఉప్పుని కొద్దికొద్దిగా కడిగేస్తాయి. మొక్కని కాలవ అడుగున పెడితే మునిగి చస్తుంది, గట్టు మీద పెడితే ఎండి చస్తుంది. అందుకని వాలు మధ్యలో నాటారు. చాలాచోట్ల నిలబడ్డాయి. ఒండ్రు పూడినప్పుడల్లా ఆ కాలవలు మళ్లీ తవ్వాలి. అక్కడికి ఫొటోగ్రాఫర్లు రారు.

ఇక రొయ్యల చెరువులు. నాకు తెలుసు, మీలో చెరువులున్న ఇళ్ల పిల్లలున్నారు. మొహాలు అలా పెట్టకండి, మీ నాన్నగార్లని తిట్టడానికి రాలేదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్యకి పలికిన ధర చూసి ఎవరి మనసైనా చలించేది. తీరం పొడుగునా చెరువులు తవ్వేశారు. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి చాలామందిని ముంచేసింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు, తీరం నుంచి 500 మీటర్ల లోపున్న చెరువుల్ని, సంప్రదాయ పద్ధతిలో సాగేవి తప్ప, తీసేయమంది. 2005లో వేరే చట్టం వచ్చి రిజిస్ట్రేషన్‌తో సాగుకి దారిచ్చింది. తర్వాత వనామి అనే ఇంకో రకం రొయ్య వచ్చింది. ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. నేననేది చెరువు గట్టు గురించి. గట్టు వేసినచోట చెట్లు పోవడం సరే, దాని వెనకాల ఎవరూ ముట్టుకోని అడవికి కూడా పోటు ఆగిపోతుంది. ఆ చెట్లు మెల్లగా నిలువునా ఎండుతాయి. అప్పటికి గట్టు వేసినాయన సంగతి ఎవరికీ గుర్తుండదు. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడమనిషే అందరి కంటికీ దొంగలా కనిపిస్తుంది. ఆవిడ కొమ్మ కొడితే తెల్లమడ మళ్లీ చిగురేస్తుంది. గట్టు కింద పడ్డ నేలకి ఆ అవకాశం ఉండదు.

మడ నేలకి కాగితాల మీద విలువ లేకపోవడం ఇంకో చిక్కు. చూస్తే బురద, దోమలు, తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందన్న భయం. ‘పనికిరాని జాగా’ అనేయడం తేలిక. కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ల స్థలాల కోసం మడని చదును చేసిన గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడికి ఇల్లు వద్దని ఎవరంటారు? కానీ పోటు నీళ్లు నిలిచే చోటే పేదవాడికి స్థలం ఎందుకు దొరుకుతుందన్నది నా ప్రశ్న.

లెక్కల్లో చూస్తే పరిస్థితి బాగానే కనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రాలతో కేంద్రం తయారుచేసిన 2021 అటవీ నివేదికలో మన రాష్ట్రంలో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు, దేశం మొత్తం మీద 4,992. పోయినచోట పోతుంటే, నది తెచ్చిన ఒండ్రు మీద కొత్తచోట మొలుస్తుంది. అయితే ఆ ఒండ్రు కూడా తగ్గుతోంది. ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. ఉపగ్రహం పచ్చదనాన్ని కొలుస్తుంది. ఆ పచ్చదనంలో మండపీత ఉందా, బావురుపిల్లి తిరుగుతోందా అన్నది దానికి తెలియదు.

తుపాను గురించి ఎవరో అడుగుతారని తెలుసు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి మనవాళ్లు బర్మాకి ఎంతగా వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అన్న పేరే పడింది. ఆ రేవుని 1839 నవంబర్ ఉప్పెన ఊడ్చేసింది. అందుకని మడ ఉంటే ఉప్పెన రాదని నేను అబద్ధం చెప్పను. అల జోరు తగ్గుతుంది, అంతే. ఆ కాస్త కూడా తక్కువేం కాదు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం, కేంద్రపారా జిల్లాలో సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్నచోట చావులు తగ్గాయని తేల్చింది.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు. వచ్చే వారం మీ ఫీల్డ్ ట్రిప్ ఉందని విన్నాను. మొక్కలు తేవద్దు. ఒక పొడుగాటి కర్ర మీద అంగుళాలు గీసుకుని తెచ్చుకోండి. పాటు ఉండగానే కాలవలో గుచ్చి, పోటు ఎంతవరకు ఎక్కిందో, ఎంత సేపట్లో తీసిందో రాసుకుందాం. చెప్పులు బస్సులోనే వదిలేయండి, బురదలో ఎలాగూ ఊడిపోతాయి.