‘మన దేశమే కదా’ అని సంచి సర్దే ముందు

నమస్కారం. విజయవాడ జంక్షన్ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక ఆగి ఉన్న రైలు వివేక్ ఎక్స్‌ప్రెస్. కన్యాకుమారిలో బయలుదేరింది, అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా పోవాలి. మొత్తం 4,100 కిలోమీటర్ల పైచిలుకు, మూడు రోజులు దాటే ప్రయాణం. దేశంలో ఇంతకన్నా దూరం నడిచే రైలు లేదు. అదిగో, ఆ ఇడ్లీల బండి దగ్గర చూడండి. పంచె పైకి కట్టిన మలయాళీ పెద్దాయన ఒకరు, ఎర్ర అంచు తెల్ల గమోసా మెడలో వేసుకున్న అస్సామీ కుర్రాడు ఒకడు. ఎన్ని ఇడ్లీలు కావాలో ఇద్దరూ వేళ్లతోనే చెబుతున్నారు. ఇద్దరిదీ ఒకటే దేశం, ఒకటే రైలు.

మనవాళ్లలో ఒక అలవాటు ఉంది. దుబాయ్ వెళ్లాలంటే నెల ముందు నుంచే నలుగురిని అడుగుతారు. వీసా, డబ్బు, ఎండ, అక్కడి పద్ధతులు, అన్నీ తెలుసుకుంటారు. అదే లద్దాఖ్‌లోని లేహ్‌కో, అరుణాచల్‌లోని తవాంగ్‌కో అయితే ‘మన దేశమే కదా’ అనేసి సంచి సర్దేస్తారు. నేను చూసిన ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క మాట దగ్గరే మొదలయ్యాయి.

మా బాబాయి సంగతే తీసుకోండి. ఆరుగురు కలిసి గువాహటి వెళ్లారు. కామాఖ్య అమ్మవారి దర్శనం అయింది. ఇంత దూరం వచ్చాం కదా అని తవాంగ్‌కు కారు మాట్లాడుకున్నారు. అరుణాచల్ సరిహద్దులో, భాలుక్‌పాంగ్ దగ్గర కారు ఆపి ఇన్నర్ లైన్ పర్మిట్ అడిగారు. బాబాయి ఆధార్ కార్డు తీసి, ‘నేను భారతీయుణ్ణే’ అని పావుగంట వాదించారట. కాదని అక్కడ ఎవరూ అనలేదు. పర్మిట్ అడిగారు, అంతే. ఈ పద్ధతికి మూలం బ్రిటిష్ వాళ్లు 1873లో చేసిన నిబంధన. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ రాష్ట్రాల్లోకి బయటి రాష్ట్రాల వాళ్లు వెళ్లాలంటే ఇది ఉండాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంగతి బాబాయికి భాలుక్‌పాంగ్‌లో తెలిసింది.

పర్మిట్ తీసుకుని వెళ్లినా గడియారం దగ్గర దెబ్బ తింటారు. దేశమంతటికీ ఒకటే సమయం. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది మన కాకినాడకు దగ్గరగా పోతుంది. అందుకే మన గడియారానికీ మన సూర్యుడికీ పెద్ద పేచీ ఉండదు. అరుణాచల్‌లో అలా కాదు. జూన్‌లో నాలుగున్నరకల్లా కిటికీలోంచి వెలుతురు ముఖాన పడుతుంది. చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి. మధ్యాహ్నం భోజనం చేసి, కాస్త నడుం వాల్చి బయలుదేరదాం అంటే ఘాట్ రోడ్డు మీద చీకట్లో చిక్కుకున్నట్టే. అటు పశ్చిమాన ద్వారకలో జనవరిలో ఏడు దాటితే గాని సూర్యుడు కనబడడు.

ఇక లేహ్. ఇక్కడ కుర్రాళ్లు కాస్త శ్రద్ధగా వినండి. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కగలమన్న ధీమా ఉంటుంది మీకు. లేహ్ సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. పీల్చే గాలిలో మనకు అందే ఆక్సిజన్ ఇక్కడికన్నా సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. విమానంలో వెళితే ఒళ్లు అలవాటు పడే వ్యవధి కూడా ఉండదు. మొదటి రెండు రోజులు గదిలో పడుకోండి, నీళ్లు తాగండి, మెల్లగా నడవండి. పెద్దవాళ్లు ఎలాగూ జాగ్రత్తగా ఉంటారు. దిగిన రోజే బైకు అద్దెకు తీసుకునేది కుర్రాళ్లే. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లకండి. తగ్గకపోతే వెంటనే కిందికి దిగండి, డాక్టరును కలవండి.

చిన్న సంగతులు కొన్ని గబగబా చెప్పేస్తాను. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. దీపావళి వెళ్లగానే కేదార్‌నాథ్ గుడి మూసేస్తారు, మళ్లీ వేసవిలోనే తెరుస్తారు. డిసెంబరు, జనవరిలో ఉత్తరాదిలో పొగమంచు పడితే రైలు ఎన్ని గంటలు ఆలస్యమైనా ఆశ్చర్యపోకండి. ఢిల్లీలో దిగి అదే రోజు ఇంకో రైలు పట్టుకుందామని మాత్రం లెక్క వేయవద్దు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 120 రోజుల లెక్క 2024 నవంబరుతో పోయింది.

భాష విషయం చెప్పకపోతే ఈ వీడియో చేసి లాభం లేదు. నాలుగు హిందీ ముక్కలు వస్తే చాలు, దేశమంతా తిరిగి రావచ్చని నేనూ అనుకునేవాణ్ణి. అహ్మదాబాద్‌లో భోజనానికి కూర్చున్నాను. పప్పులో బెల్లం. నేను సంచిలోంచి గుంటూరు కారప్పొడి సీసా తీసి చల్లుకుంటున్నాను. పక్కనున్న పెద్దావిడ నా వైపు చేయి చాపి, ‘మీఠుఁ’ అన్నారు. హిందీలో మీఠా అంటే తీపి కదా అని జిలేబీ పళ్లెం ఆవిడ వైపు జరిపాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. గుజరాతీలో మీఠుఁ అంటే ఉప్పు! మరాఠీలోనూ మీఠ్ అంటే ఉప్పే. ఆ తర్వాత ఆవిడ నా కారప్పొడి చిటికెడు నాలుక మీద వేసుకుని, ఆ జిలేబీనే అందుకున్నారు. దక్షిణాదిలో ఈ బాధ లేదు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, నాలుగింటిలోనూ ఉప్పు ఉప్పే.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా నేను చేసే పని ఒకటుంది. మీ దగ్గర వంద నోటు ఉంటే తీయండి. వెనక్కి తిప్పండి. నిలువు వరుసలో 15 భాషలు కనిపిస్తాయి. అస్సామీతో మొదలై ఉర్దూతో ముగుస్తాయి. ఉర్దూకు పైనే మన తెలుగు. కొత్త ఊళ్లో టాక్సీ ఎక్కితే ఈ నోటు చూపించి, ‘ఇది మాది, మీది ఏది?’ అని అడుగుతాను. కోల్‌కతాలో, భువనేశ్వర్‌లో, ఎక్కడైనా సరే, వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. అక్కడి నుంచి మాటలు వాటంతట అవే వస్తాయి.

మేఘాలయలోని షిల్లాంగ్‌లో కూడా అలాగే అడిగాను. డ్రైవరు అక్కడి ఖాసీ భాష మాట్లాడే మనిషి. బండి పక్కకు ఆపి, నోటు తీసుకుని పై నుంచి కింది దాకా చూశాడు. ముందు వైపుకు తిప్పి కూడా చూశాడు. మళ్లీ నా చేతికే ఇచ్చి, ‘మాది ఇందులో లేదండీ’ అన్నాడు.