పింఛను ఎవరికి అందుతోంది, ఎవరికి ఆగుతోంది

సభకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఆంధ్రప్రదేశ్‌లోని సామాజిక భద్రతా పింఛన్ల గురించి. పేదలెవరో ప్రభుత్వం ఎలా తేలుస్తుంది, తేల్చాక డబ్బు వాళ్ల చేతికి ఎలా చేరుతుంది అన్నవి ఇందులో రెండు వేర్వేరు పనులు. చెల్లింపులో మనం చాలా దూరం వచ్చాం కనుక ముందు దాని సంగతి చెబుతాను.

1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనుగా కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. ఆ కాస్త డబ్బు కోసం ముసలివాళ్లు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పొద్దున్నే వచ్చి కూర్చుని, పంచే మనిషి ఆ రోజు వస్తాడో రాడో తెలియక మధ్యాహ్నం దాకా ఎదురుచూసేవాళ్లు. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వేలిముద్రల స్మార్ట్‌కార్డులు వచ్చాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ అనే అర్థశాస్త్రవేత్తలు 157 మండలాల్లో ఆ కార్డుల ప్రభావాన్ని పరిశీలించి, ఉపాధి హామీ కూలి మునుపటికన్నా త్వరగా అందుతోందని, పింఛన్లలో పక్కదారి పట్టే సొమ్ము తగ్గిందని తేల్చారు. 2020 ఫిబ్రవరి నుంచి గ్రామ, వార్డు వలంటీర్లు పింఛను ఇంటికే తెచ్చి ఇవ్వసాగారు. ఆ ఏర్పాటు విలువ ఎంతటిదో 2024 ఎన్నికల సమయంలో బాగా తెలిసివచ్చింది. వలంటీర్లను పక్కన పెట్టడంతో ఏప్రిల్ ఎండలో వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాల ముందు, మే నెలలో బ్యాంకుల ముందు బారులు తీరారు. జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ వెళ్లి, పెంచిన 4,000తో పాటు మూడు నెలల బకాయి కలిపి 7,000 రూపాయలు చేతిలో పెట్టారు.

ఎంపిక విషయంలో ఇంత నిశ్చింతగా సంతోషించలేను. వయసు, వైధవ్యం, వైకల్యం వంటి అర్హత ఒక్కటే ఉంటే సరిపోదు. కుటుంబం పలు అంచెల వడపోత దాటాలి. నెలసరి ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు మించకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు కాకుండా నాలుగు చక్రాల బండి, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో నిర్ణీత విస్తీర్ణానికి మించిన ఇల్లు, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, వీటిలో ఏది ఉన్నా అనర్హతే. పేదల ఆదాయానికి జీతం చీటీ ఉండదు గనుక ఇలాంటి గుర్తుల మీద ఆధారపడటం తప్పనిసరి అవుతుందని నేనూ ఒప్పుకుంటాను. ఇబ్బందల్లా ఆ గుర్తు మనిషిది కాకుండా ఆధార్ నంబరుది కావడమే. అమ్మేసిన కారు కొన్నవాడి పేరుకు మారదు, పంచుకున్న పొలం అడంగల్‌లో తండ్రి పేరునే ఉంటుంది, వేరు కాపురం పెట్టిన కొడుకు తల్లి రైస్ కార్డులోనే మిగిలిపోతాడు.

ఒక ఊళ్లో ఒక పెద్దావిడను కలిశాను. వెనక వసారాలో ఒంటరిగా వండుకుని తింటోంది. ముందు రెండు వాటాల్లో ఇద్దరు కొడుకుల కాపురాలు, మొత్తం ఇంటికి ఒకటే మీటరు, అదీ ఆమె ఆధార్‌కు ముడిపడి ఉంది. ప్లాస్టిక్ కవరులోంచి కరెంటు బిల్లులు ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచి, పైన వేలాడుతున్న బల్బు వైపు చూపించి, "నాది ఈ ఒక్క బల్బే నాయనా" అంది. సచివాలయంలో అడిగితే ఆన్‌లైన్‌లో అనర్హురాలని చూపిస్తోందన్నారు. ఆ మాట చెప్పిన అమ్మాయికి ఆ వసారా తెలుసు, ఆ బల్బూ తెలుసు. దిద్దే అధికారం మాత్రం ఆమె చేతిలో లేదు. డబ్బును గడప దాకా తేగలిగాం గానీ నిర్ణయాన్ని తేలేకపోయాం.

పింఛను 75 రూపాయలుగా ఉన్నప్పుడు పేరు తప్పిపోతే నష్టం చిన్నదే. ఇప్పుడు 4,000 అంటే ఒంటరి మనిషికి నెల బియ్యం, మందులు, పాలు. ఎంత పెంచామన్నది గర్వంగా చెప్పుకునేటప్పుడు, తప్పుగా తీసేస్తే పడే దెబ్బ కూడా అంతే పెరిగిందని గుర్తుంచుకోవాలి. పైగా అనర్హుడు దొరికితే లెక్కలో మిగిలిన సొమ్ము కనిపిస్తుంది, అర్హురాలు తప్పిపోతే ఏ పట్టికలోనూ కనిపించదు.

బ్రెజిల్‌లో పేద కుటుంబాలకు నగదు ఇచ్చే పథకంగా 2003లో మొదలైన బోల్సా ఫమీలియాకు ఆధారం కదాస్త్రో ఊనికో అనే కుటుంబాల నమోదు. అక్కడ మునిసిపాలిటీ వాళ్లకు కుటుంబమే తన ఆదాయం చెప్పుకుంటుంది, ఆ తర్వాత ఇతర రికార్డులతో సరిచూస్తారు. మన దగ్గర మొదటి మాట రికార్డులది, మనిషి మాట అర్జీ రూపంలో తర్వాత వస్తుంది. ఈ వరుస మారాలని నా అభ్యర్థన. పింఛను ఆపేముందు కారణాన్ని తెలుగులో రాసి ఇంటికి పంపాలి. ఇల్లు చూసి వచ్చే దాకా చెల్లింపు ఆగకూడదు, చూసివచ్చిన సంక్షేమ సహాయకురాలి నివేదికకు కంప్యూటరులోని గుర్తు కన్నా ఎక్కువ విలువ ఉండాలి. ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరి జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీని వ్యవస్థగా నిలబెట్టి దేశానికి చూపింది మన ఉమ్మడి రాష్ట్రమే. అదే పద్ధతిలో, తొలగించిన పేర్లను కారణాలతో సహా గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ వసారా ఎవరిదో, ఆ మీటరు కింద ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో చెప్పగలిగినవాళ్లు ఆ సభలోనే కూర్చుని ఉంటారు.