సిగార్ వంకరగా కాలుతోందా? ముందు లోపలి ఆకు సంగతి చూడండి

నమస్తే అండీ. పొగాకు ఆరోగ్యానికి హానికరం, ఈ వీడియో పెద్దవాళ్లకు మాత్రమే. ఈ మాట ముందే చెప్పేసి విషయంలోకి వెళ్తున్నా.

నా చేతిలో రెండు సిగార్లున్నాయి. లేత గోధుమ రంగుదాని రేపర్, అంటే పైన చుట్టే ఆకు, కనెక్టికట్ షేడ్ రకం. దాదాపు నల్లగా ఉన్నదానిది బ్రాడ్‌లీఫ్ మదురో, అంటే ముదురు రంగు వచ్చేదాకా పులియబెట్టిన వెడల్పాటి ఆకు. సైజు ఒకటే, రెండూ ఒకే పెట్టెలో ఉంచినవే. ఇప్పుడు సగం దాకా కాలాయి, దగ్గరగా చూపిస్తా చూడండి. లేత రంగుది చుట్టూ ఒకే గీతలా కాలుతూ వస్తోంది. నల్లదానికి ఒక పక్క ఆకు అలాగే మిగిలిపోయింది. దీనికి లైటర్ మళ్లీ పెట్టాల్సి వచ్చింది కూడా.

షేడ్ ఆకును పొలం మీద పల్చటి గుడ్డ పందిరి వేసి పెంచుతారు. ఎండ సూటిగా తగలదు కాబట్టి ఆకు పల్చగా, ఈనెలు సన్నగా వస్తాయి. బ్రాడ్‌లీఫ్ నేరుగా ఎండలో పెరుగుతుంది, మందంగా, జిడ్డుగా ఉంటుంది. మందపాటి ఆకులో నిప్పు నెమ్మదిగానే నడుస్తుంది.

అలాగని రేపర్ ఒక్కదాన్నే తిట్టడం అన్యాయం. అసలు కథ ఫిల్లర్‌లో, అంటే లోపల నింపే ఆకుల్లో ఉంది. మొక్కకు కింద ఉండే ఆకుల్ని వోలాడో అంటారు. రుచి అంతంతమాత్రమే, కానీ ఇట్టే అంటుకుంటాయి. మధ్య ఆకులు సెకో, సువాసన ఎక్కువగా వీటిదే. పై ఆకులు లిగేరో. ఎండంతా వీటి మీదే పడుతుంది కాబట్టి మందం, నూనె, ఘాటు అన్నీ ఎక్కువే, కాలడం మాత్రం మహా బద్ధకం. అందుకే చుట్టేవాళ్లు లిగేరోను నడిమధ్యన పెట్టి, చుట్టూ మిగతా ఆకులు పేరుస్తారు. అది పక్కకు జరిగిందంటే ఆ వైపు నిప్పు వెనకబడుతుంది, అవతలి వైపు పరుగెడుతుంది.

కనిపెట్టడం తేలికే. బూడిద రాల్చి చూడండి. నిప్పు మొన మధ్యలో తేలి ఉండాలి. ఇదిగో, నా నల్లదానిలో మొన పక్కకు ఒరిగింది. అంటే ఇక్కడ సగం తప్పు ఆకుది, సగం చుట్టినవాళ్లది.

మట్టి పాత్ర కూడా ఉందండోయ్. ఆకులో పొటాషియం బాగుంటే చక్కగా కాలుతుంది, క్లోరిన్ ఎక్కువైతే ఆరిపోతూ ఉంటుంది. బూడిద తెల్లగా రావడానికి మెగ్నీషియం ఒక కారణం. కాబట్టి తెల్ల బూడిద చూసి సిగార్ గొప్పదని మురిసిపోకండి.

మందపాటి రేపర్ ఉన్నవాటిని నేనైతే 70 శాతం తేమలో ఉంచను, 65 దగ్గర ఉంచుతా. తేమ తగ్గితే అంత మొరాయించవు.

కాలడంలో షేడ్‌కు పదికి తొమ్మిది, మదురోకు ఆరు ఇస్తున్నా. రుచికి మాత్రం నా ఓటు నల్లదానికే, లైటర్ ఇంకోసారి అందుకోవాల్సి వచ్చినా సరే.