క్లయింట్ ముందు పెట్టాల్సింది ఈ ఒక్క షీటే | కన్సల్టెన్సీ ప్రాజెక్ట్ ప్లానింగ్ కిట్ రివ్యూ

అందరికీ నమస్కారం. క్లయింట్ల కోసం చేసే రిసెర్చ్ పనిని ప్లాన్ చేసుకోవడానికి అచ్చేసిన షీట్ల కట్ట ఇది. ముందే చెప్పేస్తున్నాను, ఈ కిట్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. పేరు, ధర, ఎన్ని షీట్లు ఉంటాయి అన్నీ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. అన్‌బాక్సింగ్ మీరు ఈపాటికి వేరే ఛానళ్లలో చూసే ఉంటారు. అందుకే నేను నేరుగా నాలుగో షీట్‌కి వెళ్లిపోతున్నాను.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. పైన ఒకే ప్రశ్న ఉంది. ‘ఈ పరిశోధన అయ్యాక మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటి?’ దాని కింద ఇంకో మూడు. ఏ తేదీలోపు తీసుకోవాలి? ఎవరు తీసుకుంటారు? జవాబు ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు? అంతే. మిగతా పేజీ అంతా ఖాళీ. పేపర్ కూడా మందంగా ఉంది, పెన్సిల్‌తో రాసి మూడుసార్లు చెరిపినా చిరగలేదు.

ఈ పేజీ చూడగానే నాకు గుంటూరు గుర్తొచ్చింది. ఎంబీఏలో మా లైవ్ ప్రాజెక్ట్ అక్కడే, ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. ‘రైతులు పక్క స్టోరేజీలకు ఎందుకు వెళ్తున్నారో కనుక్కోండమ్మా’ అన్నారు ఓనర్ గారు. మేం నలుగురం పది వారాల ప్లాన్ వేసుకుని, 120 మంది రైతులతో సర్వే పెట్టుకున్నాం. అదీ మార్చిలో! మార్చి అంటే మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పోటెత్తే నెల. గుమాస్తా గారికి తల ఎత్తే తీరిక లేదు, రిజిస్టర్లు మాకెక్కడ చూపిస్తారు? రైతులు లోడు దించే హడావిడిలో నిలబడే జవాబులు చెప్పారు. ఎలాగో పూర్తి చేసి రిపోర్ట్ ఇచ్చాం. ఆయన ఓపికగా అన్ని పేజీలూ తిప్పి, ‘ఇవన్నీ నాకు తెలిసినవే కదమ్మా. ఇంతకీ రెండో బిల్డింగ్ కట్టమంటారా, వద్దంటారా?’ అన్నారు.

రెండో బిల్డింగ్ అనే మాట మేం విన్నది ఆరోజే.

మొదటి రోజే ఆ మాట బయటికొచ్చి ఉంటే మాకు అంత సర్వే అక్కర్లేదు. గత ఐదు సీజన్లలో స్టోరేజీ ఏ వారానికి నిండింది, చోటు లేక ఎన్ని లోడ్లు వెనక్కి పంపారు, సరుకు మీద బ్యాంక్ లోను ఇప్పించడంలో పక్కవాళ్లు ఏం సాయం చేస్తున్నారు, ఇవి చూస్తే సరిపోయేది. చాలావరకు రిజిస్టర్లలో దొరికేవే. ఆయన మంచి మనిషి, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు బస్సులో తిరిగొస్తుంటే పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఈ కిట్‌ని నిజంగా వాడింది మంగళగిరిలో. చేనేత చీరల షాపు, తండ్రీ కొడుకులు నడుపుతారు. ఇన్‌స్టాగ్రామ్ మార్కెటింగ్ మీద రిసెర్చ్ కావాలన్నారు. నేను ఈ షీట్ బల్ల మీద పెట్టి, పెన్సిల్ పెద్దాయన చేతికే ఇచ్చాను. ఆయన చాలాసేపు రాయలేదు. చివరికి కొడుకు వైపు చూసి, ‘చెప్పరా, హైదరాబాద్ సంగతి’ అన్నారు. అసలు విషయం, దసరాలోపు హైదరాబాద్‌లో ఇంకో షాపు అద్దెకు తీసుకోవాలా వద్దా అని. ఇన్‌స్టాగ్రామ్ ఆ తర్వాతి మాట. పన్నెండు వారాలనుకున్న పని ఆరు వారాలకు దిగింది. మొదటి పని పాత బిల్ బుక్కుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన కస్టమర్లను లెక్కపెట్టడం. ఇంతకుముందు నేను ఎక్సెల్ షీట్లు పంపేదాన్ని, ట్రెల్లో యాప్‌లో పనుల బోర్డులు పెట్టాను. ఏ క్లయింటూ ఆ లింకులు తెరిచిన పాపాన పోలేదు. కాగితం బల్ల మీద ఉండి, పెన్సిల్ వాళ్ల చేతిలో ఉంటే మాట వేరుగా వస్తుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన షీట్. తొమ్మిదోది, గాంట్ చార్ట్, అంటే ఏ వారం ఏ పని చేయాలో గడుల్లో చూపించే పట్టిక. పన్నెండు వారాలు ముందే అచ్చేసి, మొదటి వారం గడిలో ‘డేటా సేకరణ’ అని రాసేశారు. అమెరికాలో హెన్రీ గాంట్ వందేళ్ల క్రితం ఇలాంటి చార్టులను ఫ్యాక్టరీ పనుల కోసం వాడాడు. మెషిన్ మన చేతిలో ఉంటుంది, తిప్పితే తిరుగుతుంది. క్లయింట్ దగ్గరున్న అకౌంటెంట్ మన చేతిలో ఉంటాడా? జీఎస్టీ రిటర్న్ తేదీ దగ్గరపడితే ఆయన మన ఫోన్ కూడా ఎత్తడు. చీరల షాపుకి శ్రావణం వచ్చిందంటే ఓనర్‌తో పది నిమిషాలు కూర్చోవడం కష్టం. అడిగిన డేటా చేతికొచ్చేదాకా ఎదురుచూసే రోజులకు ఇందులో ఒక్క గడి లేదు, సీజన్‌కి గడి లేదు. ఈ కిట్ తయారుచేసిన వాళ్లు ఒక్క క్లయింట్ ఆఫీసు బయటైనా కుర్చీలో కూర్చుని ఎదురుచూశారా అనిపించింది. ప్రాజెక్టులు ఆలస్యమయ్యేది అక్కడే కదా!

మిగతావి గబగబా చెప్పేస్తాను. క్లయింట్ సమాచారం బయటపెట్టమని రాసిచ్చే గోప్యత ఒప్పందం నమూనా బాగుంది. సర్వేలో ఎంతమందిని అడగాలో లెక్కేసే శాంపిల్ సైజ్ షీట్ విద్యార్థులకు పనికొస్తుంది. కస్టమర్ల ఫోన్ నంబర్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా ఆ పేజీ లేకపోవడం తప్పే. నేనైతే బిల్ బుక్కుల నుంచి ఊరు, తేదీ, మొత్తం మాత్రమే రాయించాను, నంబర్లు ముట్టుకోనివ్వలేదు.

కొనాలా? నాలుగో షీట్ కోసమే కొనండి అంటాను. అంత నచ్చింది నాకు. తొమ్మిదో షీట్ తీసి పక్కన పెట్టేయండి. మంగళగిరిలో నేను దాని బదులు వాళ్ల షాపు గోడకున్న తెలుగు క్యాలెండర్ దించి బల్ల మీద పరిచాను. మగ్గాల వాళ్లకు డబ్బులిచ్చే రోజులు, పెళ్లి ముహూర్తాలు, అమావాస్యలు అన్నీ అప్పటికే పెద్దాయన ఎర్ర పెన్నుతో చుట్టి ఉంచారు. మా ఆరు వారాలూ ఆయన చుట్టని ఖాళీ రోజుల్లోనే సర్దుకున్నాం. దాని ఫోటో స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి.