సెటిల్ అయితే తీరినట్టేనా? ఆ లెటర్ ఇంకోసారి చదవండి

[స్క్రీన్ మీద: వాట్సాప్‌లో వచ్చిన లెటర్ ఫొటో. పేరు, అకౌంట్ నంబరు చెరిపేసి ఉన్నాయి.]

ఈ లెటర్ మా ఊరి తమ్ముడొకడు పంపాడు. క్రెడిట్ కార్డు బాకీ వడ్డీలు, లేటు ఫీజులు కలిసి 1,40,000 అయింది. రికవరీ వాళ్లతో మాట్లాడుకుని 60,000కి తెంపుకున్నాడు. లెటర్‌లో ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అని ఉంది. మూడేళ్ల తర్వాత హోమ్ లోన్‌కి వెళ్తే రిజెక్ట్ చేశారు. ‘అన్నా, ఫుల్ అన్నారు, ఫైనల్ అన్నారు, మరి ఇదేంటి?’ అంటాడు.

ఇదే ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అందుకే ఈ వీడియో. సిబిల్ అంటే ఏంటి, స్కోరు ఎంతుండాలి, అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

మన ఇళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదండీ. మా అమ్మ దగ్గరున్నది అక్క పెళ్లినాటిది. లాంగ్ నోట్‌బుక్, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, బీరువాలో పట్టుచీరల కింద. ఎవరి శుభలేఖ వచ్చినా ముందు ఆ పుస్తకం బయటికొస్తుంది. ‘వాళ్లు మనకెంత చదివించారు?’ మనం 1,116 చదివించిన ఇంటివాళ్లు, మనింట్లో పెళ్లికొచ్చి 516 చదివించారనుకోండి. గొడవ పడతామా? పడం. భోజనం పెడతాం, తాంబూలం ఇచ్చి పంపిస్తాం. కానీ పుస్తకంలో 516 అనే రాసుకుంటాం.

సెటిల్‌మెంట్ అంటే అదే. బ్యాంకు తగ్గించి తీసుకుంది, ఇక మీ జోలికి రానని రాసిచ్చింది. ఆ మాట నిజమే. కానీ క్రెడిట్ రిపోర్టులో, అంటే మీ అప్పుల చరిత్ర ఉండే కాగితంలో, ‘క్లోజ్‌డ్’ (పూర్తిగా కట్టేశారు) అని రాయలేదు, ‘సెటిల్డ్’ (తగ్గించి తెంపుకున్నారు) అని రాసింది. పైగా ఈ పుస్తకం ఒక్క బ్యాంకు బీరువాలో ఉండదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీల దగ్గర ఉంటుంది. ఊళ్లో అందరి చదివింపులూ ఒకే పుస్తకంలో రాసి, ఎవరింట్లో పెళ్లయినా దాన్నే తిప్పి చూసినట్టన్నమాట. ఈ చరిత్రని కనీసం 7 ఏళ్లు దాచాలని 2005 నాటి చట్టం కింద పెట్టిన నిబంధనల్లోనే ఉంది.

అలాగని సెటిల్‌మెంట్ చేసుకోవద్దని నేను అనను. ఉద్యోగం పోయి, ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో ఉండి, కార్డు మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ పడుతుంటే, స్కోరు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? అప్పుడు తెంపుకోవడమే మంచిది. నాకు మండేది ఎక్కడంటే, ‘యాభై శాతం కట్టండి, సిబిల్ కూడా మేమే క్లీన్ చేస్తాం’ అని ఫీజు గుంజే వాళ్ల దగ్గర. నిజంగా పడ్డ ఎంట్రీని ఎవరూ తుడవలేరు. తప్పుగా పడ్డదైతే మీరే ఉచితంగా కంప్లయింట్ పెట్టొచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున ఆ క్రెడిట్ కంపెనీయో, బ్యాంకో మీకివ్వాలి.

ఇంకో రూల్ ఉంది. 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది: రాజీ సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లకి ఆ బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదు. వ్యవసాయ రుణాలకు ఈ 12 నెలల లెక్క వర్తించదు. 516 చదివించినవాళ్లని ఏడాదిపాటు పెళ్లికి పిలవకపోవడం లాంటిది. ఏడాది దాటితే పిలవాలని మాత్రం ఎక్కడా లేదు, గమనించండి.

[స్క్రీన్ మీద: ‘రైటాఫ్’]

దీన్ని మాఫీ అనుకునేవాళ్లు చాలామంది. కాదండీ. ‘ఇది ఇప్పట్లో రాదులే’ అని మా అమ్మ ఆ పేజీ మడత పెట్టుకుంటుంది, అంతే. అది ఆవిడ లెక్కల సౌకర్యం. మీరు బజార్లో ఎదురైతే అడుగుతుంది. బ్యాంకు కూడా అంతే, తన ఖాతాల్లోంచి పక్కకు పెడుతుంది గానీ వసూలు చేసే హక్కు వదులుకోదు. రిపోర్టులో మాత్రం ఇది సెటిల్డ్ కంటే ఘోరంగా కనిపిస్తుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది, ఎవరూ చేయరు. ‘వదినా, ఈసారికి 500, మిగతాది సంక్రాంతికి’ అని ముందే చెప్పడం. అంటే రీస్ట్రక్చరింగ్. గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని బ్రాంచికెళ్లి కాగితం మీద అడగాలి. 90 రోజులు దాటి అకౌంట్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక కాదు, అంతకుముందే. ఇది కూడా రిపోర్టులో పడుతుంది. కానీ చివరికి 1,116 పూర్తిగా ముట్టినట్టు కూడా పడుతుంది. తేడా అక్కడే. మనవాళ్లేమో మొహమాటానికి ఫోన్ ఎత్తడం మానేస్తారు.

టైమ్ అయిపోతోంది, ఐపీ గురించి గబగబా చెప్పేస్తా. ‘ఐపీ పెట్టేశాడు’ అని మన దగ్గర తిట్టులా వాడతారు గానీ, అది ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. చట్టం 1920 నాటిది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది, కానీ మామూలు మనుషుల అప్పులకి సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. కంపెనీ అప్పుకు హామీ ఉన్నవాళ్లకి మాత్రం 2019 డిసెంబర్ నుంచి వర్తిస్తోంది. అందుకని మిగతావాళ్లకి ఆ పాత చట్టమే దిక్కు. కోర్టు దివాలా ప్రకటిస్తే మీ ఆస్తి కోర్టు చేతికో, కోర్టు పెట్టిన రిసీవర్ చేతికో పోతుంది. ముందే బావమరిది పేరున రాసేద్దాం అనుకుంటారేమో, దివాలాకి రెండేళ్ల లోపు ఊరికే రాసిచ్చినవి రద్దు చేయొచ్చు. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు డిశ్చార్జ్ అయినా, అంటే కోర్టు మిమ్మల్ని అప్పుల నుంచి విడిపించినా పోవు. ఇక డిశ్చార్జ్ అయ్యేదాకా, దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు అప్పు తీసుకున్నా ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. 50 వేలు కాదు, 50 రూపాయలు! చదివింపుల పుస్తకం గుమ్మానికి వేలాడదీసినట్టే.

ఇంకా రెండు ముక్కలు. హామీ సంతకం పెట్టినవాళ్ల రిపోర్టులో కూడా మీ సెటిల్‌మెంట్ కనిపిస్తుంది, వాళ్లకి ముందే చెప్పండి. ఇల్లు తాకట్టు ఉంటే, బాకీ తేలాక 30 రోజుల్లో కాగితాలు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000.

మా తమ్ముడి సంగతా? వదిలేసిన ఆ 80,000 ఇప్పుడు కడతాను, క్లోజ్‌డ్‌గా మార్చమని బ్యాంకుకి మెయిల్ పెట్టాడు. చాలా బ్యాంకులు తీసుకుంటాయి. రెండు వాయిదాల్లో కట్టనిస్తారా అని నన్ను అడుగుతున్నాడు. నన్ను కాదురా, వాళ్లనే అడుగు అన్నాను. డబ్బు కట్టే ముందే లెటర్ తెప్పించుకోమన్నాను. ఈసారి అందులో ఫుల్, ఫైనల్ వెతకొద్దు, ‘క్లోజ్‌డ్’ అన్న ముక్క ఉందో లేదో చూడమన్నాను. ఇంకా రాలేదట.