న్యూలిన్ రేవులో ఆదివారం

అందరికీ వందనాలు.

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో న్యూలిన్ అనే జాలర్ల ఊరుంది. 1747 జూలైలో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ అక్కడి ఇసుకలో నిలబడి వాక్యం చెప్పాడు. జనం గోల సముద్రపు హోరులా ఉందని తన దినచర్యలో రాసుకున్నాడు. ప్రార్థన ముగియకముందే పక్కనున్న పెంజాన్స్ నుంచి వచ్చిన కొందరు తిడుతూ, జనాన్ని గట్టు మీంచి తోసేశారు. వెస్లీ వాళ్ల మధ్యలో పడ్డాడు. అంతవరకూ ఆయనంటే మండిపడే న్యూలిన్ మనిషి ఒకడు గిర్రున వెనక్కి తిరిగి, నా ప్రాణం పోయినా సరే, ఈయన జోలికెవరూ రాకూడదన్నాడు. ఇంకొందరు అతని పక్షాన నిలబడ్డారు. వెస్లీ నూరు గజాలు నడిచి బోధ పూర్తిచేశాడు. ఆ మనిషి పేరు వెస్లీ రాయలేదు. నేనైతే సంఘం చరిత్రను అతనితోనే మొదలుపెడతాను.

1866 దాకా న్యూలిన్‌కు సొంత ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండ్ అధికారిక సంఘపు చర్చి, లేదు. కొండెక్కి పాల్ అనే ఊరికి వెళ్లాలి. మెథడిస్టులు మాత్రం రేవు దగ్గరికే వచ్చారు. వల లాగే మనిషిని కూడా వాక్యం చెప్పనిచ్చారు. కవళ్ల వేటలో పెరిగిన పీటర్ జేకో ఈ ఊరివాడే. 1754 నుంచి ఊరూరా తిరిగే బోధకుడయ్యాడు.

ఇలా వేళ్లూనిన విశ్వాసంలో ఆదివారం కీలకమైంది. ఆ రోజు వేటకు వెళ్లేవారు కాదు. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని లోస్టాఫ్ట్ పడవలు మాత్రం ఆదివారమూ వలలు వేసేవి. సోమవారం బజారుకు చేపలు తెచ్చి, మంచి ధర పట్టుకునేవి. న్యూలిన్ వాళ్లు మర్నాడు సరుకు తెచ్చేసరికి ధర పడిపోయేది. భక్తి కోసం పడవ కట్టేసినవాడికి ఇంట్లో పొయ్యి గురించి టెన్షన్ ఉండదా? దీనిమీద చివరికి రేవులో రేగిన గొడవను వట్టి మతావేశం అనేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు.

1896 మే 18, సోమవారం. సుమారు వెయ్యిమంది రేవులోకి దిగి, లోస్టాఫ్ట్ పడవలెక్కి, లక్ష దాకా కానాగంతలను సముద్రంలో పారబోశారు. సాటి జాలర్ల కష్టాన్ని అలా నీళ్లపాలు చేయడం తప్పే. ఆ సంఘాన్ని ఎంత ప్రేమించినా ఆ మాట దాచను. చివరికి బర్క్‌షైర్ రెజిమెంట్ సైనికులు వచ్చాక రేవు సద్దుమణిగింది. లోస్టాఫ్ట్ పడవలు మాత్రం ఆదివారం వేట మానలేదు.